మెడలో ఆర్టిఫిషియల్ డిస్క్: సర్జన్‌ని ఎలా చూసుకోవాలి, ఏ డిస్క్ వేయించాలి? మా ఆయనకి సీ6-సీ7, విజయవాడ

పటమట_సుధ:

అందరికీ నమస్తే అండి. పెద్ద పోస్ట్ అవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా ఆయన ఇక్కడే ఒక ఇంటర్ కాలేజీలో మాథ్స్ లెక్చరర్, 43 ఏళ్ళు, షుగర్ బీపీ లేవు, సిగరెట్ అలవాటు లేదు. సంక్రాంతి సెలవులయ్యాక కుడి రెక్క వెనకాల నొప్పి మొదలైంది, పేపర్లు దిద్దీ దిద్దీ పట్టేసిందిలే అనుకుని బామ్ రాసుకుంటా లాగించేశారు. వారం తిరిగేసరికి నొప్పి చెయ్యంతా పాకి మధ్యవేలు మొద్దుబారిపోయింది, రాత్రిళ్ళు కుడి చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు నాలుగు నెలలైంది. నొప్పి కొంచెం తగ్గింది గానీ చేతిలో బలం పోతోంది. మొన్న క్లాసులో లెక్క సగంలో ఉండగా బోర్డు పై భాగంలో రాస్తుంటే మోచెయ్యి దానంతటదే వాలిపోయిందంట, ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని మిగతా లెక్క పూర్తి చేశానని ఇంటికొచ్చి చెప్పారు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు ఆయన.

ఎమ్మారైలో సీ6-సీ7 దగ్గర, అంటే మెడలో ఆరో ఏడో ఎముకల మధ్య, మెత్తలా ఉండే డిస్క్ కుడి పక్కకి బయటికొచ్చి సీ7 నరాన్ని నొక్కుతోందని ఉంది, పైన సీ5-సీ6 దగ్గర కొంచెం ఉబ్బు అని రాశారు. సూర్యారావుపేటలో ఒక న్యూరోసర్జన్ గారికి చూపిస్తే డిస్క్ తీసేసి మధ్యలో కేజ్ పెట్టి ప్లేటు వేసి రెండు ఎముకల్నీ అతికించేద్దాం అన్నారు. గుంటూరులో ఇంకో స్పైన్ సర్జన్ గారేమో ఈ వయసులో ఫ్యూజన్, అంటే అలా అతికించడం, ఎందుకమ్మా, ఆర్టిఫిషియల్ డిస్క్ వేద్దాం, మెడ మామూలుగా తిరుగుతుంది అన్నారు. రెండు ఎస్టిమేట్లకీ తేడా లక్షన్నర పైనే. పైగా మూడు కంపెనీల బ్రోచర్లు చేతిలో పెట్టి ఏది కావాలో చూసుకుని చెప్పండి అన్నారు, నాకేం తెలుస్తుందండి? రాత్రంతా కూర్చుని మోబీ-సీ, ప్రోడిస్క్, ప్రెస్టీజ్ అని చదువుతున్నా, చదివిన కొద్దీ భయం పెరుగుతోంది తప్ప ఏమీ తేలట్లేదు.

మీలో ఎవరైనా చేయించుకున్నారా? సర్జన్ మంచివారో కాదో ఏం చూసి తెలుసుకోవాలి? డిస్క్ ఏది మంచిది? హైదరాబాదో చెన్నయ్యో వెళ్ళాలా, ఇక్కడే చేయించొచ్చా? కాలేజీ వాళ్ళ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది.

బ్రాడీపేట_బాబాయ్:

అమ్మా సుధా, నేను 2021లో సీ5-సీ6కి డిస్క్ వేయించుకున్నాను, అప్పుడు నాకు 49. నువ్విప్పుడు చదువుతున్నవన్నీ నేనూ చదివినవాణ్ణే, కాబట్టి ముందు ఒక మాట చెప్తా, ఆ బ్రోచర్లు మడిచి బీరువాలో పెట్టెయ్. మీవారి మెడకి అసలు డిస్క్ పనికొస్తుందా లేదా అనేది తేలకుండా ఏ కంపెనీ అని ఆలోచించడం దండగ. అది తేల్చే పద్ధతిలోనే డాక్టర్ ఎలాంటివారో కూడా నీకు అర్థమైపోతుంది, నాకలాగే అర్థమైంది.

నేను మొదట చూపించుకున్న డాక్టరు (పేరు వద్దు, ఊరూ వద్దు) ఎమ్మారై ఫిల్మ్ లైటు కేసి ఎత్తి పట్టుకుని చూసి ఐదు నిమిషాల్లో డిస్క్ వేసేద్దాం, సోమవారం అడ్మిట్ అవ్వండి అన్నారు. సంతోషపడి స్వీట్లు కూడా కొనుక్కుని ఇంటికెళ్ళాం. మా తమ్ముడు పోరు పెట్టి రెండో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ఎమ్మారై చూసి పక్కన పెట్టేసి ముందు మెడ వంచిన ఎక్స్‌రే, వెనక్కి ఎత్తిన ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. ఎందుకూ అంటే ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు, అందులో మెడ కదలదు, నేను వెయ్యబోయేది కదిలే వస్తువు, అసలక్కడ కదలిక మిగిలి ఉందో లేదో చూడకుండా ఎలా వేస్తాను అన్నారు. కంప్యూటర్‌లో ఆ రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి ఎముక అంచుల వెంబడి గీతలు గీసి కోణం కొలిచి నాకు చూపించారు. అమెరికాలో ఈ డిస్కులకి పర్మిషన్ ఇచ్చేముందు చేసిన ట్రయల్స్‌లో 2 డిగ్రీల కన్నా తక్కువ కదిలే జాయింట్ ఉన్నవాళ్ళని తీసుకోలేదంట, అలాగే ఎముక ఎముక మీద 3 మిల్లీమీటర్లు దాటి జారుతుంటే కూడా తీసుకోలేదు. బిగుసుకుపోయిన చోట డిస్క్ వేస్తే అది కదలదు, ఊరికే డబ్బులు పోసినట్టు. జారేచోట వేస్తే నిలబడదు. తర్వాత సీటీ తీయించారు, వెనకవైపు ఉండే చిన్న జాయింట్లు, ఫేసెట్స్ అంటారు, అవి అరిగిపోయాయేమో చూడ్డానికి. అవి అరిగిపోయి ఉంటే ముందు డిస్క్ ఎంత మంచిది వేసినా మెడనొప్పి పోదు, ఎందుకంటే ఆ జాయింట్ కదులుతూనే ఉంటుంది కదా.

అప్పుడు మా తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు, నువ్వూ ఇదే అడుగమ్మా: "సార్, మీరు ఎవరికి డిస్క్ వెయ్యనని చెప్తారు?" ఆయన తడుముకోకుండా చెప్పుకుంటూ పోయారు. ఎముకలు గుల్లబారినవాళ్ళకి వెయ్యను, ఫేసెట్స్ పోయినవాళ్ళకి వెయ్యను, చేతికి ఏమీ లేకుండా ఉత్త మెడనొప్పే ఉంటే వెయ్యను, డిస్క్ ఎత్తు సగానికి పైగా పడిపోయి ఎముక ముక్కలు వంతెన కట్టేసినవాళ్ళకి వెయ్యను, వెన్నుపాము వెనక నుంచి నొక్కుకుపోతుంటే ముందు నుంచి డిస్క్ వేసి లాభం లేదు, మెడలో లిగమెంట్ ఎముకలా గట్టిపడేవాళ్ళకి వెయ్యను, నికెల్ లాంటి లోహాలు పడనివాళ్ళతో ముందు మాట్లాడాలి, అని. పోయిన నెల ఇద్దరు డిస్క్ కోసమని వస్తే ఫ్యూజన్ చేసి పంపించా అన్నారు. ఆ మాటకి నాకు ధైర్యం వచ్చింది. అందరికీ డిస్కే వేసే ఆయన దగ్గరా, ఎవరికీ డిస్క్ వెయ్యని ఆయన దగ్గరా నీకు సలహా దొరకదు తల్లీ. రెండూ చేసేవారి దగ్గరే దొరుకుతుంది.

ఇంకో ప్రశ్న కూడా మర్చిపోకు. ఆపరేషన్ అయిన రాత్రి వార్డులో ఎవరుంటారు అని. మెడ ముందు వైపు కోసి శ్వాసనాళం, అన్నవాహిక ఒక పక్కకి జరిపి లోపలికి వెళ్తారు. ఎప్పుడో అరుదుగా లోపల రక్తం గడ్డ కట్టి ఊపిరి అందకపోవచ్చు, అది మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువ. అప్పుడు కుట్లు విప్పి రక్తం తీసేసే మనిషి బిల్డింగ్‌లో ఉండాలి, ఫోన్ చేస్తే కానూరు నుంచి బండేసుకుని రావడం కాదు. మంచి హాస్పిటల్ వాళ్ళు ఈ ప్రశ్నకి చిరాకు పడరు.

నా సంగతి చెప్పాలంటే చెయ్యి నొప్పి లేచిన రోజే పోయింది. మింగడం మాత్రం రెండు వారాలు ఇబ్బంది పడ్డాను, ఇడ్లీ కూడా చారులో నానబెట్టుకుని తిన్నా, గొంతు బొంగురు తగ్గడానికి నెల పట్టింది. బొటనవేలి తిమ్మిరి కొంచెం ఇప్పటికీ ఉంది, నరం ఎక్కువ రోజులు నలిగితే అంతేనంట. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకుంటున్నా, డిస్క్ ఇంకా కదులుతోంది.

ఫిజియో_లక్ష్మీపురం:

సుధ గారూ, నేను గుంటూరులో ఫిజియోథెరపిస్ట్‌ని, 14 ఏళ్ళుగా మెడ నడుము కేసులే ఎక్కువ చూస్తాను. బాబాయ్ గారు చెప్పినదానికి ముందు ఒక మెట్టు ఉంది, అసలు ఆపరేషన్ కావాలా అని. మెడ డిస్క్ జారి చేతిలోకి నొప్పి వచ్చినవాళ్ళలో చాలామందికి 6 నుంచి 12 వారాల్లో మందులు, ఎక్సర్‌సైజులతోనే తగ్గిపోతుంది, బయటికొచ్చిన డిస్క్ ముక్క దానంతటదే కుంచించుకుపోవడం కూడా మామూలే. ఉత్త నొప్పే అయితే ఇంకొన్నాళ్ళు చూద్దామనే అనేదాన్ని. కానీ మీవారి విషయంలో నాలుగు నెలలైంది, బలం తగ్గుతోంది అంటున్నారు. మోచెయ్యి చాపి నిలబెట్టే కండ ట్రైసెప్స్, దాన్ని నడిపేది ముఖ్యంగా సీ7 నరం, మధ్యవేలి మొద్దు కూడా అదే నరం. లక్షణం, పరీక్ష, ఎమ్మారై మూడూ ఒకే చోటు చూపిస్తున్నాయి, అలా కలిసినప్పుడే ఆపరేషన్ ఫలితం బాగుంటుంది. ఉబ్బు అని రాసిన సీ5-సీ6ని దీంట్లోకి లాగి రెండు చోట్లా వేద్దాం అని ఎవరన్నా అంటే మాత్రం, ఆ నరానికి సంబంధించిన లక్షణం ఏం కనిపించింది సార్ అని తప్పకుండా అడగండి. 43 ఏళ్ళ వయసులో ఎమ్మారై తీస్తే చాలామందికి ఎక్కడో ఒక ఉబ్బు కనపడుతుంది.

ఈలోగా ఇంట్లో ఒక పని చెయ్యండి. ఆయన్ని కూర్చోబెట్టి రెండు మోచేతులూ సగం వంచమని, మీ అరచేతుల మీద రెండు చేతుల్తో ఒకేసారి కిందకి తొయ్యమనండి. ఎడమతో పోలిస్తే కుడి ఎంత తక్కువగా ఉందో డేట్ వేసి రాసుకోండి, వారానికోసారి. అలాగే బాత్రూంలో వెయింగ్ మెషీన్ ఉంటే టేబుల్ మీద పెట్టి ఒక్కో చేత్తో నొక్కిస్తే అంకె కూడా వస్తుంది. వారం వారం తగ్గుతుంటే ఇంక ఆగొద్దు.

ఇది మాత్రం అందరూ చదవండి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిరాత మారిపోవడం, నడుస్తుంటే తూలడం, కాళ్ళు బిగుసుకుపోవడం, యూరిన్ మీద పట్టు తప్పడం, వీటిలో ఏది వచ్చినా నరం దాటి వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించాలి, అప్పుడు ఫోరమ్‌లో రిప్లై కోసం చూడకూడదు, అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. దయచేసి మెడ విరిపించడం, మసాజ్ సెంటర్లలో మెడ తిప్పించడం చెయ్యకండి, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళని చూశాను నేను.

ఓటీ_స్వాతి_బెజవాడ:

సుధక్కా, నేను ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌ని, విజయవాడలోనే, స్పైన్ కేసులకి నిలబడతాను. డిస్కుల గురించి టేబుల్ ఇవతల నుంచి ఏం కనిపిస్తుందో చెప్తా.

డిస్క్ అంటే చాలా వాటిలో పైనొక ప్లేటు కిందొక ప్లేటు, మధ్యలో కదిలే భాగం. మోబీ-సీ, ప్రోడిస్క్-సీ రెండిటిలోనూ ప్లేట్లు కోబాల్ట్ క్రోమ్, మధ్యలో గట్టి ప్లాస్టిక్, మోకాలి మార్పిడిలో వాడే జాతి పాలిథిలీన్. తేడా ఏంటంటే మోబీ-సీలో మధ్య ముక్క తనే కాస్త అటూ ఇటూ జరుగుతుంది, ప్లేట్లకి చిన్న పళ్ళుంటాయి, ఎముకని చెక్కక్కర్లేదు. ప్రోడిస్క్-సీలో ప్లేటుకి నిలువుగా ఒక రెక్క ఉంటుంది, దాని కోసం ఎముకలో గాడి తియ్యాలి, పట్టు గట్టిగా ఉంటుంది కానీ రెండు చోట్ల పక్కపక్కనే వెయ్యాలంటే మధ్యలో ఎముకకి పైనా కిందా గాడి పడుతుంది. ప్రెస్టీజ్ ఎల్‌పీ టైటానియం, సిరామిక్ కలిపిన మెటీరియల్. సింప్లిఫై అనేది పీక్ అనే ప్లాస్టిక్, మధ్యలో సిరామిక్. ఇక్కడ మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది, రేపు మళ్ళీ ఎమ్మారై అవసరమైతే కోబాల్ట్ క్రోమ్ చుట్టూ బొమ్మ బాగా నల్లగా చెదిరిపోతుంది, టైటానియం కొంచెం నయం, పీక్ ఇంకా నయం. మీవారికి పైన సీ5-సీ6లో ఉబ్బు ఉంది కాబట్టి మున్ముందు దాన్ని చూడాల్సి రావచ్చు, సర్జన్‌తో ఈ మాట తప్పకుండా అనండి.

కొత్తగా వచ్చింది కాబట్టి మంచిదనుకోకండి. మెడ డిస్కుల్లో అమెరికాలో మొదట పర్మిషన్ వచ్చింది 2007లో, ప్రెస్టీజ్ పాత మోడల్‌కి, అదే ఏడాది చివర్లో ప్రోడిస్క్-సీకి. మోబీ-సీకి 2013లో వచ్చింది, రెండు చోట్ల వెయ్యడానికి ఓకే అన్న మొదటిది అదే. వీటికి పదేళ్ళు దాటిన ఫాలోఅప్ ఉంది. ఎమ్6-సీ అని ఇంకోటి 2019లో వచ్చింది, అసలు డిస్క్ లాగే మెత్తటి గుజ్జు చుట్టూ దారాలు అల్లి చేశారని చాలా పేరొచ్చింది, తర్వాత కొందరికి చుట్టూ ఎముక కరిగిపోతోందని రిపోర్టులు వచ్చాయి, 2025లో కంపెనీ ఆపేసింది. ఇప్పటికే అది వేయించుకున్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు, రెగ్యులర్‌గా ఎక్స్‌రే చూపించుకుంటే చాలు, కానీ కంపెనీ లేకపోతే రేపు ఏదన్నా అయితే దాన్ని తీసే పనిముట్ల సెట్ ఎవరు పంపిస్తారు అనేది నిజమైన సమస్య. అందుకే నేనైతే డిస్క్ వయసు చూస్తా.

ఇంక సర్జన్. ఒకే సర్జన్ ఒకే రకం డిస్క్ మళ్ళీ మళ్ళీ వేస్తుంటే ఆ చేతి వాటం వేరు. కేసు ఎలా నడుస్తుందంటే, మెడ ముందు మడతలో చిన్న కోత, డిస్క్ మొత్తం తీసేశాక నరం మీద ఉన్న ముక్కా, ఎముక ముల్లూ మైక్రోస్కోప్ కింద శుభ్రంగా తియ్యాలి, ఇదే అసలు ఆపరేషన్, చెయ్యి నొప్పి పోయేది దీనివల్లే. డిస్క్ పెట్టడం తర్వాత పని. ఫ్యూజన్‌లో ఎక్కడన్నా చిన్న ముల్లు మిగిలినా అక్కడ కదలిక ఉండదు కాబట్టి సర్దుకోవచ్చు, డిస్క్ వేస్తే అక్కడ మళ్ళీ కదులుతుంది, మిగిలిన ముల్లు మళ్ళీ రాసుకుంటుంది, కాబట్టి ఇంకా శ్రద్ధగా తియ్యాలి. తర్వాత ట్రయల్ ముక్కలు ఒక్కొక్కటీ పెట్టి చూస్తారు, సీఆర్మ్‌లో, అంటే ఓటీలో ఉండే ఎక్స్‌రే మెషీన్‌లో, ఎదురుగా ఒకటి పక్కనుంచి ఒకటి బొమ్మ తీస్తారు, సరిగ్గా మధ్యగీత మీద కూర్చోవాలి. ఎత్తు దగ్గర ఆశపడకూడదు, 5 మిల్లీమీటర్లు సరిపోయేచోట 7 బిగిస్తే వెనక జాయింట్లు సాగిపోయి ఆ తర్వాత మెడనొప్పి అంటూ వస్తారు. మన ఆడవాళ్ళలో చాలామందికి చిన్న సైజులే పడతాయి. ఒకసారి కంపెనీ అబ్బాయి తెచ్చిన పెట్టెలో కావాల్సిన చిన్న సైజు లేదు, ఉన్నదాంతో కానిచ్చేద్దామా అని ఎవరో అంటే ఆ సర్జన్ గారు కుదరదని చెప్పి అక్కడికక్కడే ఫ్యూజన్ చేశారు, దానికి ముందే పేషెంట్ చేత సంతకం పెట్టించుకున్నారు కూడా. కాబట్టి మీరు అడగాల్సింది, అన్ని సైజులూ ఆ రోజు ఓటీలో ఉంటాయా, లోపల చూశాక డిస్క్ కుదరదనిపిస్తే ఏం చేస్తారు, ఆ మాట కన్సెంట్‌లో రాస్తారా.

చివరిగా, డిస్క్ ప్యాక్ విప్పినప్పుడు లోపల స్టిక్కర్లు వస్తాయి, కంపెనీ పేరు, సైజు, రిఫరెన్స్ నంబర్, లాట్ నంబర్ ఉంటాయి. ఒకటి కేస్ షీట్‌లో అంటిస్తాం, ఒకటి మీ డిశ్చార్జ్ ఫైల్‌లో ఉండాలి. బయటి దేశం సరుకైతే ప్యాక్ మీద దిగుమతిదారు పేరు, ఇంపోర్ట్ లైసెన్స్ నంబర్ ఉండాలి. బిల్లులో ఉన్న పేరు, స్టిక్కర్ మీద పేరు ఒకటేనా చూసుకోండక్కా. స్టెంట్లకి, మోకాలి ఇంప్లాంట్లకి 2017లో గవర్నమెంట్ రేటు కట్టేసింది, మెడ డిస్కులకి అలా లేదు, అందుకే హాస్పిటల్‌కీ హాస్పిటల్‌కీ అంత తేడా.

తెనాలి_శ్రీను:

మా అమ్మకి 61, డిస్క్ వేయిద్దామనే వెళ్ళాం. డెక్సా స్కాన్‌లో ఎముక బాగా పల్చబడిందని వచ్చింది, డాక్టర్ గారు డిస్క్ ప్లేటు ఎముకలోకి దిగిపోతుందమ్మా అని ఫ్యూజన్ చేశారు. మూడేళ్ళయింది, పూజ దగ్గర కూర్చుని పూలు గుచ్చుకుంటోంది, మెడ తిప్పడంలో తేడా తనకే తెలియట్లేదంటోంది. ఫ్యూజన్ అంటే జీవితం అయిపోయినట్టు కొంతమంది రాస్తుంటారు, అలా ఏం లేదు అక్కా.

ఫ్యూజన్ తర్వాత పక్క డిస్క్ పాడవుతుందని అందరూ భయపెడతారు కదా, 1999లో వచ్చిన ఒక పేరున్న స్టడీలో ఏడాదికి 2.9 శాతం మందికి పక్కచోట కొత్త లక్షణాలు వచ్చాయని చెప్పారు, పదేళ్ళకి పావు వంతు మందికి దాకా. డాక్టర్ గారే చెప్పారు, అందులో కొంత ఫ్యూజన్ వల్ల, కొంత ఆ మెడ సహజంగా అరిగే మెడ కాబట్టి. ఏడేళ్ళు పదేళ్ళు చూసిన ట్రయల్స్‌లో డిస్క్ వాళ్ళకి మళ్ళీ ఆపరేషన్ అవసరం తక్కువ పడింది, అది నిజమే, కానీ చెయ్యి నొప్పి తగ్గడంలో ఫ్యూజన్ కూడా బాగానే పనిచేస్తుంది.

నాదొక ప్రశ్న. నాకు నడుములో ఎల్5-ఎస్1 డిస్క్ అరిగింది, మిర్చి యార్డులో పని, టిక్కీలు ఎత్తించే చోట. నడుముకీ ఇలాంటి డిస్క్ వేస్తారా?

ఓటీ_స్వాతి_బెజవాడ:

శ్రీను గారూ, నడుముకీ ఉంది గానీ అది పూర్తిగా వేరే లెక్క. పొట్ట వైపు నుంచి వెళ్ళాలి, పెద్ద రక్తనాళాలు పక్కకి జరపాలి, అందుకని వాస్కులర్ సర్జన్ పక్కన ఉండే చోటే చేయించుకోవాలి. మగవాళ్ళకి అక్కడి నరాలు దెబ్బతింటే వీర్యం వెనక్కి పోయే సమస్య అరుదుగా వస్తుంది, పిల్లలు కావాలనుకునేవాళ్ళకి ముందే చెప్పాలి. మన దగ్గర మెడకి వేసినంతగా నడుముకి వెయ్యరు. చాలా నడుము కేసులకి జారిన ముక్క ఒక్కటి తీసేస్తే సరిపోతుంది, కొన్నిటికి అదీ అక్కర్లేదు. మీరు వేరే పోస్ట్ పెట్టి మీ ఎమ్మారై రిపోర్ట్ రాయండి.

ఈ సందర్భంలో ఒక ముచ్చట, ట్రైనింగ్‌లో మా మేడమ్ చెప్పారు, నాకు భలే నచ్చింది. నడుము డిస్కుల్లో మొదట పేరొచ్చినది షరీటే, 1980ల్లో బెర్లిన్‌లో ఆ పేరున్న హాస్పిటల్లోనే తయారైంది. దాన్ని తయారుచేసిన ఇద్దరు డాక్టర్లలో ఒకావిడ కారిన్ బుట్నర్-యాంజ్, ఆవిడ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు గోల్డ్ మెడల్స్ గెలిచిన మనిషి. వెన్ను వంగడం అంటే ఏంటో ఒంటితో తెలిసిన ఆవిడ.

గవర్నర్‌పేట_టీపీఏ:

ఇన్సూరెన్స్ గురించి నేను చెప్తాను, క్లెయిమ్స్‌లో పని చేస్తాను. విడిగా కొన్న పాలసీల్లో డిస్క్ జబ్బులకి చాలావరకు రెండేళ్ళ వెయిటింగ్ ఉంటుంది. మీది కాలేజీ గ్రూప్ పాలసీ కాబట్టి చాలా వాటిలో ఆ వెయిటింగ్ ఉండదు, అయినా హెచ్‌ఆర్ దగ్గర పాలసీ కాపీ తీసుకుని ఇంప్లాంట్ మీద సబ్ లిమిట్ (ఇంతకు మించి ఇవ్వమనే హద్దు) ఉందేమో చూడండి. ప్రీఆథ్ లెటర్‌లో, అంటే ఆపరేషన్‌కి ముందు ఇన్సూరెన్స్ అనుమతి కోసం పంపే లెటర్‌లో, డాక్టర్ గారి చేత "నాలుగు నెలలు మందులు, ఫిజియో వాడినా తగ్గలేదు, కండ బలహీనత ఉంది" అని స్పష్టంగా రాయించండి, ఆ ఒక్క వాక్యం లేక వెనక్కొచ్చే ఫైళ్ళు రోజూ చూస్తుంటా. క్లెయిమ్‌కి ఇంప్లాంట్ ఇన్‌వాయిస్, స్టిక్కర్ రెండూ అడుగుతారు. డాక్టర్ గారి రిజిస్ట్రేషన్ నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఎంఎస్ ఆర్థో చేసి స్పైన్ ఫెలోషిప్ చేసినవారైనా, ఎంసీహెచ్ న్యూరో వారైనా ఈ ఆపరేషన్ చేస్తారు, డిగ్రీ ఏదని కాకుండా మెడ కేసులు నెలకెన్ని చేస్తారు, అందులో డిస్కులెన్ని అని అడగండి.

పటమట_సుధ:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ అండి. పది రోజులు పట్టింది రిప్లై ఇవ్వడానికి, ఈలోపు చాలా జరిగింది.

ఫిజియో మేడమ్ చెప్పినట్టు వెయింగ్ మెషీన్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి నొక్కించాం, ఎడమ చేత్తో 19, కుడి చేత్తో 8 వచ్చింది. వారానికి మళ్ళీ చూస్తే కుడిది 7. ఆయనే ఆ అంకె చూసి ఇంక ఆగొద్దు అన్నారు, లెక్కల మనిషి కదా, నేను నెల రోజులుగా చెప్తున్నదానికి ఒప్పుకోనిది ఆ అంకెకి ఒప్పుకున్నారు.

మూడో ఒపీనియన్‌కి వెళ్ళాం, మా ఇంటికి అరగంట దూరంలోనే, హైదరాబాద్ వెళ్ళలేదు. బాబాయ్ గారూ, మీ ప్రశ్న అడిగాను. ఆయన నవ్వి, ముందు మీ ఆయన మెడ చూశాక చెప్తా అని వంచిన ఎక్స్‌రే, ఎత్తిన ఎక్స్‌రే, సీటీ తీయించారు. సీ6-సీ7 దగ్గర 7 డిగ్రీలు కదులుతోంది, జారట్లేదు, వెనక జాయింట్లు బాగున్నాయి అన్నారు. డిస్క్ వెయ్యొచ్చు, ఫ్యూజన్ చేసినా తప్పు కాదు, మీ వయసుకీ పైన ఉబ్బుకీ నేను డిస్క్ వైపే మొగ్గుతాను అన్నారు. సీ5-సీ6 ముట్టుకోనన్నారు. డిస్క్ చుట్టూ కాలక్రమంలో ఎముక పెరిగి కొందరికి కదలిక తగ్గిపోతుంది, అలా జరిగినా చెయ్యి నొప్పి తిరిగి రాదు సాధారణంగా, అది ఒక రకం ఫ్యూజన్ అయినట్టే అని కూడా చెప్పారు, ఇది ముందు ఎవరూ మాకు చెప్పలేదు. అది పెరక్కుండా రెండు వారాలు వాపు తగ్గించే బిళ్ళలు ఇస్తారంట.

డిస్క్ సంగతి అడిగితే తను ఎక్కువగా వేసేది ఏదో పేరు చెప్పి, ఎమ్మారై మాట స్వాతి చెప్పినట్టే నేను ఎత్తితే, సరైన ప్రశ్నే అడిగారమ్మా, టైటానియం రకం కూడా తెప్పించి రెండు పెట్టెలూ ఓటీలో ఉంచుతాను, లోపల సైజు చూసి నిర్ణయిస్తాను అన్నారు. కుదరకపోతే ఫ్యూజన్ అని కన్సెంట్‌లో రాశారు. రాత్రి డ్యూటీలో తన అసిస్టెంట్ సర్జన్ అదే ఫ్లోర్‌లో ఉంటారంట, ఆయన పేరు కూడా చెప్పి ఆ అబ్బాయిని పిలిచి మాకు పరిచయం చేశారు.

ప్రీఆథ్ వచ్చేసింది. వచ్చే గురువారం ఆపరేషన్. కాలేజీ తెరిచే లోపు కోలుకోవాలని ఆయన ఆత్రం, డాక్టర్ గారేమో బలం తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, బోర్డు పై భాగం తొందరపడి రాయొద్దు అన్నారు. మా బాబు నిన్న ఇంట్లో ఉన్న వైట్‌బోర్డు మేకులు పీకేసి జానెడు కిందకి దించి కొట్టాడు.

బ్రాడీపేట_బాబాయ్:

చాలా సంతోషం తల్లీ. గురువారం రాత్రికి మింగడానికి చల్లటి మజ్జిగ, పల్చటి జావ పెట్టుకో, ఐస్‌క్రీమ్ డాక్టర్ గారు ఒప్పుకుంటే గొంతుకి హాయిగా ఉంటుంది. గొంతు బొంగురు పోతే కంగారు పడకండి. మెడ వాచి బిగుసుకుపోతున్నట్టున్నా, ఊపిరి ఆడట్లేదన్నా మాత్రం పొద్దున్న దాకా చూడొద్దు, వెంటనే ఆ అబ్బాయిని లేపండి.

ఓటీ_స్వాతి_బెజవాడ:

డిశ్చార్జ్ రోజు బిల్లు కట్టేముందే స్టిక్కర్ అడిగి తీసుకోండక్కా, వెంటనే ఫోటో తీసి మీ ఫోన్లోనూ బావగారి ఫోన్లోనూ పెట్టుకోండి, ఆ కాగితం మీద అచ్చు ఏడాదికే వెలిసిపోతుంది.